అందరికీ కబురు

నా ఉద్యోగం ఏమిటో మా చుట్టాల్లో ఎవరికీ అర్థం కాదు. భిలాయిలో, రిసాలిలోని మా ఇంటి వెనక గదిలో కూర్చుని, పుణెలో ఉన్న ఒక కంపెనీకి పనిచేస్తాను. ఆ కంపెనీ ఏఐ ఏజెంట్లను తయారుచేస్తుంది. అంటే మనం మామూలు మాటల్లో పని చెబితే, దానికి ఏ పనిముట్టు వాడాలో తనే ఎంచుకుని ముగించుకొచ్చే ప్రోగ్రాములన్నమాట. ఆ పనిముట్లను మేం టూల్స్ అంటాం. ఒక టూల్ మెసేజ్ పంపుతుంది, ఇంకొకటి తేదీ ఖాళీగా ఉందో లేదో చూస్తుంది, మరొకటి బుకింగ్ చేస్తుంది. ఆ టూల్ లోపల ఏముందో ఏజెంటుకు కనిపించదు. దాని గురించి ఎవరో రాసిపెట్టిన నాలుగు వాక్యాల వివరణ ఒక్కటే కనిపిస్తుంది. ఆ ఎవరో నేనే.

ఈ సంగతి ఒకసారి మా పిన్నికి చెప్పాను.

"అంటే ఏటే? గరిట మీద ఇది గరిట అని రాస్తావా?"

"దాదాపు అంతే పిన్నీ."

"దానికి జీతం ఇస్తన్నారా?"

"ఇస్తున్నారు."

పిన్ని బాబాయి వైపు తిరిగింది. "ఇన్నావా? నువ్వు ఇన్నేళ్ళబట్టీ గిన్నెలకింద పెయింటుతో పేరు రాసి సచ్చిపోతన్నావు. ఒక్కడైనా పైసా ఇచ్చేడా?"

పిన్నికీ బాబాయికీ సుపేలాలో టెంట్ హౌసు ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, మైకు అద్దెకిస్తారు. భిలాయిలో మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శుభకార్యమైతే సగం సామాను వాళ్ళ దుకాణంనుంచే వెళుతుంది. చిక్కల్లా బాబాయితోనే. ఆయన ఫోనెత్తితే ఎవరు ఏమడిగినా "ఆఁ, అయిపోద్ది" అంటాడు. కాదనడం ఆయన ఒంట్లోనే లేదు. ఒకసారి ఒకే షామియానాను ఒకే రోజున పక్కనున్న దుర్గ్‌లో పెళ్ళికీ, ఉతైలో పుట్టెంట్రుకలకీ ఇస్తానని ఒప్పుకుని, తెల్లారాక దుకాణం షట్టరు వేసుకుని లోపలే కూర్చున్నాడు. బయటినుంచి రెండు వర్గాలవాళ్ళూ షట్టరు బాదారు. ఒకళ్ళు హిందీలో, ఒకళ్ళు తెలుగులో.

ఆ తర్వాతే పిన్ని నా దగ్గరికొచ్చి, "ఆ మెషినేదో మనకీ ఒకటి ఎట్టీ. మీ బాబాయి నోటికి తాళం ఎయ్యాల" అంది.

ఆదివారాలు కూర్చుని ఎట్టీశాను. వాట్సాప్‌లో ఎవరు ఏ భాషలో అడిగినా జవాబు చెప్పే ఏజెంటు. వాయిస్ మెసేజ్ కూడా వింటుంది. ఒక్కో సామాను బుక్ చేయడానికి ఒకటీ, కబుర్లు పంపడానికి రెండూ, ఇలా టూల్స్ తయారుచేయడం సులువుగానే అయిపోయింది. వాటి వివరణలు రాద్దామని కూర్చుంటే మాత్రం పిన్ని అడ్డుపడింది.

"నా సామాను గురించి నువ్వేటి రాస్తావు? డేగిసాకీ గంగాళానికీ తేడా తెల్దు నీకు."

అది నిజమే. నాకు ఇప్పటికీ తెలీదు. సరే, నువ్వే చెప్పు, నేను టైప్ చేస్తాను అన్నాను. చెప్పేముందు మా ఆఫీసులో కొత్తవాళ్ళకు చెప్పినట్టే ఆవిడకూ పాఠం చెప్పాను. ఇది ఏం చేస్తుందో చెప్పాలి, ఎప్పుడు వాడాలో చెప్పాలి, ఎప్పుడు వాడకూడదో కూడా చెప్పాలి. మన దుకాణం గురించి దానికి ఏమీ తెలీదు, కొత్తగా పనిలో చేరిన మనిషికి చెప్పినట్టు చెప్పాలి.

"కొత్తగా సేరినోడికి నేనేటీ సెప్పను. ఆడే సూసి నేర్సుకుంటాడు."

"ఇది చూడలేదు పిన్నీ."

"సూడ్లేనిదాన్ని తెచ్చి దుకాణంలో ఎట్టినావా?" అని ఆవిడ నన్నే ఎదురడిగింది.

పిన్ని చెప్పిన వివరణలన్నీ పొట్టిగా, గట్టిగా ఉండేవి. దుకాణంలో ఎర్ర మఖమలు పరిచి, చేతులు పెట్టుకునేచోట సింహం తలకాయలున్న జంట సింహాసనాలున్నాయి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునేవి. వాటికి ఆవిడ చెప్పిన వివరణ, "పెద్ద కుర్చీ. పెద్దోళ్ళు కూసోడానికి." పెద్దోళ్ళంటే ఆవిడ ఉద్దేశం ఆ రోజుకి పెద్దవాళ్ళయినవాళ్ళు. "ఇంకొంచెం వివరంగా చెప్పు" అంటే, "ఇందులో తెల్నిదేటుంది?" అంది.

మొదటివారంలోనే ప్లాంటు టౌన్‌షిప్ సెక్టారులోంచి ఒకావిడ మెసేజ్ పెట్టింది. వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతమట, అత్తగారి తరపు పెద్దవాళ్ళు వస్తున్నారట, నేల మీద కూర్చోలేరట, వాళ్ళకు కుర్చీలు పంపించమంది. ఏజెంటు చక్కగా జంట సింహాసనాలు పంపించింది. ఆ అత్తగారు ఎక్కి కూర్చున్నారు. వ్రతమంతా సింహం తలల మీద చేతులాన్చి అక్కడినుంచే విన్నారు. ప్రసాదం అక్కడికే తెప్పించుకున్నారు. మర్నాడు కుర్రాళ్ళు సామాను కోసం వెళితే ఆవిడ లేవలేదు. వాళ్ళవల్ల కాక బాబాయి వెళ్ళాడు.

"ఇంకొక్క రోజు ఉంచు బాబూ. మా ఆడపడుసు సాయంత్రం వస్తంది, ఒక్కసారి సూసీయాల" అందట ఆవిడ.

బాబాయి సంగతి తెలిసిందేగా. "ఆఁ, అయిపోద్ది" అని వచ్చేశాడు.

పిన్నికి ఒళ్ళు మండి వివరణ మార్పించింది. "సింహాసనం. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురుకే. ముసిలోళ్ళకి ఇవ్వొద్దు." కొన్నాళ్ళకు దుర్గ్‌లో ఎవరిదో షష్టిపూర్తి వచ్చింది. వాళ్ళబ్బాయి సింహాసనాలు కావాలని అడిగాడు. మా ఏజెంటు ఎంతో వినయంగా, "క్షమించండి, ఈ సింహాసనం ముసలివారికి ఇవ్వబడదు" అని జవాబిచ్చింది. అతను వెంటనే పిన్నికి ఫోన్ చేసి, "మా నాన్న ముసలోడా? ఎవడన్నాడు? ఫోనివ్వండి వాడికి!" అని ఒకటే కేకలు.

"అది మెషిన్ బాబూ, మనిషి కాదు. మీ నాన్నగారు కుర్రోడే" అని పిన్ని నానా తంటాలు పడింది.

"మొదటిది మరీ వదులుగా ఉంది, ఇదేమో మరీ బిగుతైపోయింది" అని నేను వివరించబోయాను.

"టూలు కాదే, మా టైలరు కుట్టే జాకెట్టులా ఉంది" అంది పిన్ని.

ఇన్ని జరిగినా నేను మళ్ళీ సరిచూసుకోనివి రెండు టూల్స్ మిగిలిపోయాయి. రెండూ కబురు పంపేవే. మొదటిది మా పనికుర్రాళ్ళ గ్రూపుకి వెళుతుంది. కుర్రాళ్ళు రోజూ పొద్దున్నే వాళ్ళంతట వాళ్ళే దుకాణానికి వస్తారు. వాన పడితేనో, పని లేకపోతేనో మాత్రం రావద్దని కబురు పెట్టాలి. అందుకని దానికి పిన్ని చెప్పిన వివరణ, "రావద్దని సెప్పడానికి." రెండోది మా దుకాణంనుంచి ఎప్పుడైనా సామాను తీసుకున్న వాళ్ళందరికీ వెళుతుంది. దసరాకి శుభాకాంక్షలు చెప్పడం కోసం పెట్టించుకుంది. దాని వివరణ, "అందరికీ కబురెట్టడానికి." ఎవరందరికీ, ఎప్పుడు, అన్నది లేదు.

ఇలా ఉండగా మా రిసాలిలోనే ఒకాయన స్టీలు ప్లాంటునుంచి రిటైరయ్యారు. చాలా నెమ్మదైన మనిషి. ఎదురుపడితే తల ఊపుతారు, అంతే. నాకు ఫంక్షన్లూ గింక్షన్లూ వద్దన్నారట. ఆయన భార్యది శ్రీకాకుళం వైపు. ఆవిడ నోటి ముందు ఎవరూ నిలవలేరు. ఇన్నేళ్ళు పనిచేసి సడీ చప్పుడూ లేకుండా ఇంటికొచ్చి కూర్చుంటారా అని పోట్లాడి, బాగా దగ్గరివాళ్ళను మాత్రమే పిలిచి ఆదివారం సాయంత్రం క్వార్టరు ముందు భోజనాలు పెట్టాలని నిశ్చయించారు. షామియానా, కుర్చీలు, పాత్రలు, మైకు మా పిన్ని దగ్గరే చెప్పారు.

శనివారం సాయంత్రం ఆవిడ మా దుకాణం నంబరుకి వాయిస్ మెసేజ్ పెట్టారు. "అమ్మా, రేపు మా ఆయన రిటైర్మెంటు ఫంక్షను కదేటి. అందరికీ సెప్పండమ్మా, పెందలాడే వచ్చీమని. బోయినాలు కూడా ఇక్కడే సేసీమనండి. మొగమాటపడొద్దనండి."

టెంటు వేసే కుర్రాళ్ళు ఆలస్యం చేయకూడదని, వాళ్ళకీ భోజనం పెడదామని ఆవిడ మంచి మనసుతో అన్న మాట అది. ఏజెంటు తన ముందున్న రెండు వివరణలూ చూసుకుంది. ఒకటి రావద్దని చెప్పడానికి. రెండోది అందరికీ చెప్పడానికి. ఆవిడ అందరినీ రమ్మంటున్నారు. ఇంకేం కావాలి? మా దుకాణం జన్మలో చూసిన ప్రతి మనిషికీ తెలుగులోనూ హిందీలోనూ ఆహ్వానం వెళ్ళిపోయింది. మీరందరూ పెందలాడే రావాలి, భోజనాలు మా ఇంట్లోనే, మొహమాటపడవద్దు. దారి తెలియనివాళ్ళకోసం కింద మ్యాపు కూడా పెట్టింది.

మర్నాడు పొద్దున్న నేను పిన్నివాళ్ళింటికి వెళ్ళేసరికి బాబాయి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"ఎక్కడికి బయల్దేరినావు?" అంది పిన్ని వంటింట్లోంచి.

"సాయంత్రం రిటైర్మెంటు ఫంక్షనుకి. పిలిచినారు కదేటి."

"మనం సామాను పంపిస్తన్నాం. మనల్నెందుకు పిలుస్తారు?"

"మరి మెసేజ్ వచ్చిందే! ఎంత బాగా రాసినారో సూడు. మొగమాటపడొద్దని కూడా అన్నారు."

నేను ఫోన్ లాక్కుని చూశాను. ఆ మెసేజ్ మా టెంట్ హౌసు నంబరునుంచే వచ్చింది. బాబాయి కూడా ఎప్పుడో సొంత దుకాణంలో మైకు బుక్ చేసి చూశాడట, అందుకని ఆయన పేరూ చేరిపోయింది. ఎవరెవరికి వెళ్ళిందో తెరిచి చూస్తే నా వేలు కిందికి జరుపుతూనే ఉంది. చివర రావడం లేదు.

పిన్నికి విషయం అర్థమవగానే స్టవ్ ఆపేసి పీట మీద కూర్చుండిపోయింది. "ఓలమ్మో! ఇప్పుడేటి సేస్తాం?"

"పొరపాటైంది, రావద్దని చెప్పిద్దాం."

"పిలిసి రావద్దంటారేటే ఎవరైనా? సుపేలాలో తలెత్తుకుని తిరగ్గలమా?"

కాసేపు వాదించి ఒప్పించాను. అదే ఏజెంటుకి, "ఇవాళ ఫంక్షన్‌కి రావద్దని చెప్పు, పొరపాటు జరిగిందని క్షమాపణ అడుగు" అని టైప్ చేశాను. క్షణంలో "చెప్పాను" అని జవాబొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చేపలపులుసుతో సుబ్బరంగా భోంచేశాం.

మధ్యాహ్నం రిసాలికి సామాను తీసుకెళ్ళే వేళకి దుకాణంలో ఒక్క కుర్రాడూ లేడు. పొద్దున వచ్చి వ్యాన్‌కి సామాను ఎక్కించినవాళ్ళు ఎక్కించినట్టే మాయమయ్యారు. ఫోన్లు చేస్తే ఒకడు ఉతైలో అత్తారింట్లో ఉన్నాడు. ఇంకొకడు సినిమా హాల్లోంచి గుసగుసగా, "మీరే కదా దీదీ రావద్దన్నారు? సారీ కూడా చెప్పారు!" అన్నాడు.

రావద్దని చెప్పడానికి ఏ టూల్ ఉందో నాకప్పుడు గుర్తొచ్చింది.

వచ్చేవాళ్ళంతా వస్తున్నారు. పనిచేసేవాళ్ళు రావడం లేదు. పిన్ని కొంగు నడుముకి చుట్టింది. బాబాయి ఇస్త్రీ చొక్కాతోనే వ్యాన్ ఎక్కాడు. ముగ్గురం రిసాలి వెళ్ళి, క్వార్టరు ముందు గుంజలూ గుడ్డా దించి షామియానా లేపడం మొదలుపెట్టాం. నాకు గుంజ ఏ వైపు భూమిలోకి వెళుతుందో కూడా తెలీదు. పాపం ఆ రిటైరైన పెద్దాయన కొత్త సఫారీ సూటు వేసుకుని బయటికొచ్చి, ఏమీ అడక్కుండా ఒక తాడు పట్టుకున్నారు.

అప్పుడే మొదటి కుటుంబం ఆటోలోంచి దిగింది. దుర్గ్‌నుంచి వచ్చారు. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, పళ్ళబుట్ట, శాలువా. "భయ్యా, ఫంక్షన్ యహీ హై క్యా?" అని అడిగి, తాడు పట్టుకున్న ఆయనే ఆ రోజు పెద్దమనిషని తెలుసుకుని, అక్కడికక్కడే శాలువా కప్పేశారు. ఆయన దండం పెడదామన్నా తాడు వదిలితే గుంజ పడిపోతుంది. శాలువాతోనే తాడు పట్టుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత జనం ఆగలేదు. పెందలాడే రమ్మన్నాం కదా, అందరూ పెందలాడే వచ్చారు. వాళ్ళల్లో ప్లాంటులో చేసి రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు. గుంజ ఎలా లేపాలో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉంది.

"అలాక్కాదు, ముందు నడిమిది లేపాల!"

"అరే యార్, పహలే కోనా పకడో!"

"ఎవరండీ ఇక్కడ ఇంచార్జి?"

ఇంచార్జీలే అందరూ. ఎత్తేది మాత్రం బాబాయీ, నేనూ, శాలువా కప్పుకున్న ఆయనా. ఎలాగైతేనేం, కొంచెం దుర్గ్ వైపు ఒరిగి షామియానా లేచింది.

విచిత్రమేమిటంటే ఇంతమంది ఎవరని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆవిడేమో వాళ్ళంతా ఆయన ప్లాంటు స్నేహితులనుకున్నారు. నోరు తెరవని మనిషికి ఇంతమంది ఎలా పోగయ్యారా అని ఆశ్చర్యపోతూనే కుర్చీలు వేయించారు. ఆయనేమో వీళ్ళంతా భార్య తరపు చుట్టాలూ, ఆవిడ పిలిచిన స్నేహితులూ అనుకున్నారు. అందుకే కిక్కురుమనకుండా శాలువా మీద శాలువా కప్పించుకున్నారు.

వంటమనిషి వచ్చి అన్నం గిన్నెవైపు, జనంవైపు చూసి చేతులెత్తేశాక పిన్ని ఆగలేకపోయింది. ఇంటావిడను పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆవిడ షామియానా కింది జనాన్ని ఒకసారి కలయజూశారు. "అయితే ఈళ్ళెవరూ మావోళ్ళు కారా?"

"కారమ్మా. మా గిరాకీలు. నా మెషిన్ పిలిసీసింది."

ఆవిడ భర్తవైపు చూశారు. ఆయన శాలువాల మధ్యనుంచి మొహం మాత్రం కనబడేలా కూర్చుని ఎవరో పాపకి లడ్డూ తినిపిస్తున్నారు.

"శాలువా కప్పినాక మావోళ్ళు కాకపోడమేటి?" అన్నారావిడ. "తిండి సంగతి సూడండి ముందు."

పిన్ని రోడ్డు మీదికి పరుగెత్తింది. అటుకుల పోహా బండివాణ్ణి బండితో సహా తీసుకొచ్చింది. సమోసాలవాడు వెనకాలే వచ్చాడు. పక్క క్వార్టర్లవాళ్ళు ఎవరింట్లో కుక్కరు వాళ్ళు ఎక్కించారు. ఆ సాయంత్రం భోజనంలో పులిహోర పక్కన పోహా, దాని పక్కన సమోసా, పైన సాంబారు. అలాంటి విస్తరి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. జనం మాత్రం ఇదేదో కొత్త మెనూ అనుకుని మెచ్చుకున్నారు. కేటరింగు ఎవరిదని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు కూడా.

తర్వాత మైకు అందుకున్నారు. మొదట లేచినాయన నిజాయితీపరుడు. "ఈయనెవరో నాకు తెల్దు. కానీ ఇంత బాగా పిలిసినోళ్ళు ఈమధ్య ఎవరూ లేరు" అని కూర్చున్నాడు. రెండో ఆయన అలా కాదు. ఈయన వాలీబాల్ నేర్పబట్టే నేను ఇంతవాణ్ణయ్యానని కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దాయన జన్మలో బంతి ముట్టుకోలేదట. అయినా తల ఊపారు. మా బాబాయికి మైకు అందగానే, ఈయనకు ఏం కావాలన్నా మన దుకాణం ఉంది, అయిపోద్ది అని మాటిచ్చేశాడు. పిన్ని వెళ్ళి మైకు లాక్కుంది.

చివర ఆయన లేచారు. భార్య అప్పటికే చెవిలో అసలు సంగతి ఊదేశారు. మైకు రెండు చేతులా పట్టుకుని, "మీరెవరూ నాకు తెల్దు. నేనూ మీకు తెల్దు. పొరపాటున వచ్చినారట," అన్నారు. జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "వచ్చినారు కాబట్టి ఒక్కొక్కళ్ళూ మీ పేర్లు సెప్పి ఎల్లండి. ఇకమీద తెలిసినోళ్ళమే."

నవ్వులు మొదలయ్యాయి. షామియానా ఆ నవ్వులకే ఇంకొంచెం ఒరిగింది. నిజంగానే అందరూ వరసగా వచ్చి పేర్లు చెప్పి, చేతులు కలిపి వెళ్ళారు. వాలీబాల్ ఆయన సిగ్గుపడి తప్పించుకోబోతే పెద్దాయన ఆపి, "బంతి ఎలాగ కొడతారో ఒకసారి సూపించండి" అన్నారు.

మర్నాడు నేనూ పిన్నీ కూర్చుని వివరణలన్నీ మళ్ళీ రాశాం. ఈసారి ఆవిడకు పాఠం చెప్పనక్కర్లేకపోయింది. కళ్ళు మూసుకుని తనే చెప్పుకుపోయింది. "రాసుకో. ఇది నొక్కితే మన గిరాకీలందరికీ ఎల్లిపోద్ది. దుర్గ్, ఉతై, సుపేలా, ఎక్కడోళ్ళైనా వచ్చీస్తారు. దసరా, ఉగాదులకి మాత్రమే వాడు. ఎవరైనా అందరూ అంటే, ఏ అందరో నన్ను అడుగు. కుర్రోళ్ళకి సెప్పాలంటే ఇది ముట్టుకోకు, పక్కది వాడు. పక్కది రమ్మనడానికీ వద్దనడానికీ రెండింటికీను. పంపేముందు నాకు సదివి ఇనిపించు. నేను నిద్దరోతే లేపు. మీ బాబాయిని అడగొద్దు, ఆయన సరే అనీస్తాడు."

ఆఫీసులో ఏళ్ళతరబడి నేను రాసిన వాటిల్లో ఇంతకంటే నయమైన వివరణ ఒక్కటీ లేదు. ఒక్క అక్షరం మార్చకుండా పెట్టేశాను. మార్చిందల్లా "మీ బాబాయి" దగ్గర. ఏజెంటుకి బాబాయి ఉండడు కదా అని "దుకాణం యజమాని" అని రాయబోతే, "యజమాని నేను" అంది పిన్ని. "యజమానిగారి భర్త" అని రాశాను.

అప్పట్నించీ అది బుద్ధిగా అడుగుతోంది. కొంచెం ఎక్కువే అడుగుతోంది. దసరా రోజున శుభాకాంక్షలు పంపమంటే, ఏ అందరికి, కుర్రాళ్ళకా, గిరాకీలకా, ఫంక్షన్‌కి రమ్మనా, ఊరికేనా, భోజనాలున్నాయా అని అడిగి అడిగి పిన్ని ప్రాణం తీసింది.

ఆ పెద్దాయన ఇప్పుడు ఇంట్లో దొరకడం లేదు. ఆ రోజు పేరు చెప్పి వెళ్ళినవాళ్ళంతా తమ తమ ఇళ్ళల్లో కార్యమైతే ఆయన్ని పిలుస్తున్నారు. వాలీబాల్ ఆయన కూతురి పెళ్ళిలో అక్షింతలు ముందు ఈయన చేతే వేయించారట. మొన్న ఆయన భార్య పిన్నికి ఫోన్ చేసి, "మీ మెషినుకి సెప్పండమ్మా, ఈ ఆదివారం ఈయన్ని ఎవరూ పిలవొద్దని. ఇంట్లో బూజులు దులపాల" అన్నారు.

పిన్ని ఫోను చేత్తో మూసి, నావైపు తిరిగి అడిగింది. "దానికి టూలేదైనా ఉందేటే?"